లాగితే విడివడే రొట్టె

జొన్న రొట్టెను తుంచితే పుటుక్కున విరుగుతుంది. బేకరీ పావ్‌ను లాగితే పోగులు పోగులుగా సాగి, పక్క పావ్ నుంచి మెల్లగా ఊడివస్తుంది. రెండూ పిండి, నీళ్ళు, నిప్పు కలిస్తే పుట్టినవే. మరి ఒకటి విరగడమేమిటి, ఇంకొకటి సాగడమేమిటి?

సంగారెడ్డి జిల్లా రాయికోడ్ లాంటి ఊళ్ళో ఈ ప్రశ్న పుట్టడం చాలా సహజం. ఇక్కడి నల్లరేగడిలో యాసంగి జొన్న పండుతుంది. ఇంట్లో రొట్టె అంటే జొన్న రొట్టే. ముంబై–హైదరాబాద్ జాతీయ రహదారి మీదున్న జహీరాబాద్ మరీ దూరమేమీ కాదు. అక్కడ బేకరీల్లో పావ్, బన్ను, దిల్‌ఖుష్ దొరుకుతాయి. పొద్దున ఒక రకం రొట్టె తిన్న పిల్లలు సాయంత్రం చాయ్‌లో ఇంకో రకం ముంచుకుని తింటారు. తేడా చేతికే తెలుస్తుంది కాబట్టి అడుగుతారు. “అది మైదా, ఇది జొన్న” అంటే జవాబు చెప్పినట్టు కాదు, ప్రశ్నను ఇంకో రకంగా అడిగినట్టు.

జవాబు కోసం ఒక తీపి రొట్టెను కాల్చి చూద్దాం. పొంగిన పిండిని చిన్న ఉండలుగా చేసి, కరిగించిన వెన్నలో ముంచి, దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెరలో దొర్లించి, మఫిన్ గిన్నెల్లో నాలుగైదు చొప్పున సర్ది కాలుస్తారు. తినేటప్పుడు కత్తితో పని లేదు. ఒక్కో ఉండనూ లాక్కుని తినడమే. హంగరీ దేశంలో దీని మూలరూపాన్ని ‘అరాన్య్ గలుష్క’ అంటారు. అక్కడ చక్కెరతో పాటు అక్రోటు పొడి కూడా అద్దుతారు. హంగరీ వలసదారులతో అమెరికా చేరి ‘మంకీ బ్రెడ్’ అయింది. 1980లలో అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ రీగన్ శ్వేతసౌధంలో అతిథులకు పెట్టడంతో పేరు ఇంకా పెరిగింది. పిండి కలిపే శ్రమ లేకుండా కొన్న పిండితోనే చేసుకోవచ్చు కాబట్టి ఇది ఇళ్ళల్లో నిలిచిపోయింది. మనకు కావలసిన జవాబంతా ఈ చిన్న గిన్నెలోనే ఉంది.

జొన్నకు లేనిది, గోధుమకు ఉన్నది

ముందు ఒక ప్రయోగం. వంద గ్రాముల మైదాను నీళ్ళతో గట్టి ముద్దగా కలిపి, అరగంట నాననివ్వండి. తర్వాత ఆ ముద్దను గిన్నెడు నీళ్ళలో ముంచి వేళ్ళతో మెల్లగా పిసకండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. వాటిని పారబోసి కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పిసకండి. అయిదారుసార్లు ఇలా చేశాక నీళ్ళు తేటగా వస్తాయి. చేతిలో బూడిదరంగు జిగురు ముద్ద ఒకటి మిగులుతుంది. నీళ్ళు పిండేశాక తూచితే 25 నుంచి 30 గ్రాములు ఉంటుంది. లాగితే జానెడు సాగుతుంది, వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. కొట్టుకుపోయిన తెలుపు గంజి పదార్థం, అంటే పిండి పదార్థమే. మిగిలిన జిగురు గోధుమ మాంసకృత్తు. ఇటలీలోని బొలోన్యా నగరంలో బెక్కారి అనే వైద్యుడు 1728లో ఇదే పని చేసి, గోధుమపిండిలో రెండు వేర్వేరు పదార్థాలున్నాయని తోటి పండితులకు వివరించాడు. ఆ జిగురునే ఇప్పుడు గ్లూటెన్ అంటున్నాం. ఈ అధ్యాయం వరకు దాన్ని జిగురువల అని పిలుచుకుందాం.

ఇదే ప్రయోగం జొన్నపిండితో చేస్తే చేతిలో ఏమీ మిగలదు. ముద్దంతా నీళ్ళపాలవుతుంది.

గోధుమలో రెండు రకాల మాంసకృత్తులు ముఖ్యమైనవి: గ్లూటెనిన్, గ్లయాడిన్. గ్లూటెనిన్ పొడవాటి గొలుసు. గ్లయాడిన్ పొట్టిగా, ముద్దగా ఉంటుంది. నులక మంచాన్ని తలచుకుంటే ఈ రెండింటి పని అర్థమవుతుంది. మంచాన్ని నిలబెట్టేది పొడుగు తాడు. అటూ ఇటూ దాటించి అల్లితే మనిషి బరువును మోస్తుంది, లేవగానే మళ్ళీ బిగుసుకుంటుంది. గ్లూటెనిన్ ఆ తాడు. అయితే పోగులు ఒకదాని మీద ఒకటి కాస్త జారకపోతే అల్లిక వంగదు, తెగుతుంది. ఆ జారుడు గ్లయాడిన్ ఇస్తుంది. పొడిపిండిలో తాడు చుట్టలు చుట్టి పడి ఉంటుంది. నీళ్ళు తగలగానే చుట్ట విప్పుకుంటుంది. మనం పిసికేకొద్దీ అల్లిక సాగుతుంది. అల్లడం పూర్తయిన వెంటనే మంచం బిర్రుగా ఉన్నట్టే, పిసికిన వెంటనే పిండి మొండికేస్తుంది: ఒత్తితే వెనక్కి లాక్కుంటుంది. చపాతీ పిండిని కాసేపు మూతపెట్టి ఉంచమని అమ్మలు చెప్పేది ఇందుకే. ఆ కాసేపట్లో బిగువు సడలి, చెప్పినట్టు వింటుంది.

జొన్నలోనూ మాంసకృత్తులకు కొదవ లేదు. వాటిలో ప్రధానమైనది కఫిరిన్. అది గింజలో చిన్న చిన్న గుళికల్లో బిగుసుకుని ఉంటుంది, పైగా నీళ్ళను దగ్గరికి రానివ్వదు. నీళ్ళు అంటని చోట చుట్ట విప్పుకోవడం ఉండదు, కాబట్టి అల్లికా లేదు. తాడు ముక్కలు కుప్పగా ఉన్నాయే గానీ మంచం లేదు.

మరి జొన్న రొట్టె ఎలా నిలుస్తోంది? ఎసరు నీళ్ళతో. జొన్నపిండిని చన్నీళ్ళతో కలిపితే తట్టేటప్పుడే అంచులు పగులుతాయి. మరిగే నీళ్ళు పోసి కలిపితే పిండి పదార్థంలో కొంత అక్కడికక్కడే ఉడికి గంజిలా చిక్కబడి, మిగతా పిండిని పట్టి ఉంచుతుంది. జొన్నలోని పిండి పదార్థం ఉడకడానికి దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. మరుగుతున్న ఎసరులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అలా కలిపిన ముద్దను రెండు చేతుల మధ్యా, పీట మీదా తట్టి తట్టి పలుచన చేసి పెనం మీద వేసే ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నది నిఖార్సయిన పదార్థవిజ్ఞానం. గోధుమ తన మాంసకృత్తుతో చేయించుకునే పనిని వాళ్ళు జొన్న గంజితో చేయిస్తున్నారు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. పొంగదు, సాగదు కాబట్టి జొన్న తక్కువ రకం ధాన్యం అనుకునేవాళ్ళున్నారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత మహిళా రైతుల సంఘాలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను కాపాడుకుంటూ వస్తున్నాయి. వానలు మొహం చాటేసినా నిలబడే పంటలవి. గాలిని పట్టి ఉంచడం రొట్టెకు ఉండగల గుణాల్లో ఒకటి మాత్రమే. గోధుమ జిగురు పడని జబ్బు, అంటే సీలియాక్ వ్యాధి, ఉన్నవాళ్ళకు జొన్నలో ఆ వల లేకపోవడమే ప్రాణరక్షణ.

గాలి ఎక్కడిది?

వల సిద్ధమైంది. అందులో చిక్కాల్సిన గాలి ఈస్ట్ నుంచి వస్తుంది. ఈస్ట్ ఒంటికణం బూజుజాతి జీవి. పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, కాస్త సారాయిని వదులుతుంది. పులియడం అనేది జీవులు చేసే పని అని 1857 నుంచి వరుస ప్రయోగాలతో నిరూపించినవాడు లూయీ పాశ్చర్. ఆ వాయువు బుడగలుగా జిగురువలలో చిక్కుకుంటుంది. వల సాగుతుంది, పిండి రెట్టింపవుతుంది. జొన్నపిండిలో ఈస్ట్ వేసినా వాయువు పుడుతుంది, అయితే పట్టి ఉంచే వల లేక పైకి పోతుంది.

ఈస్ట్‌కు బాగా నచ్చేది 27 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి. ఇంగ్లిష్ వంట పుస్తకాలు “పిండిని వెచ్చని చోట గంటన్నర ఉంచండి” అంటాయి. రాయికోడ్‌లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ గంటన్నర అంటే పిండి గిన్నె దాటి పొర్లుతుంది, పుల్లటి వాసన కూడా వస్తుంది. సంక్రాంతి చలిలో అదే పిండి మూడు గంటలైనా లేవకపోవచ్చు. కాబట్టి గడియారాన్ని వదిలేసి పిండిని చూడండి. తడి వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం వరకే పూడాలి. టక్కున పూడితే ఇంకా సమయం కావాలి. అసలు పూడకపోతే వల సాగి సాగి అలిసిపోయింది. నులక వదులైన మంచం అది. మళ్ళీ ఒకసారి పిసికి బిగించి ఉండలు చేయాలి.

ఇప్పుడు కొన్న పిండి సంగతి. మనకు ఇది కొత్తేమీ కాదు. ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు కొంటూనే ఉన్నాం. 2005లో బెంగళూరులో మొదలైన ఐడీ ఫ్రెష్ లాంటి సంస్థలు దాన్ని పెద్ద వ్యాపారం చేశాయి. వీటన్నిటికీ ఆధారం చలి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు దాదాపు నిద్రపోతాయి. పులుపు ఆగదు, నడక తగ్గిస్తుంది.

అమెరికాలో ఈ తీపి రొట్టెకు ఎక్కువగా వాడేది డబ్బాలో వచ్చే బిస్కెట్ పిండి. అక్కడ బిస్కెట్ అంటే కరకరలాడేది కాదు, మెత్తటి చిన్న రొట్టె. కెంటకీ రాష్ట్రం లూయీవిల్ నగరానికి చెందిన లైవ్లీ విలోబీ అనే రొట్టెలాయన 1931లో పిండిని అలా డబ్బాలో నింపే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ హక్కులు బాలర్డ్ సంస్థకు, 1951లో ఆ సంస్థ పిల్స్‌బరీకి చేరాయి. ఆ పిండిలో ఈస్ట్ ఉండదు. వంటసోడా, దానితో మెల్లగా కలబడే ఒక ఆమ్ల లవణం ఉంటాయి. కొంత వాయువు డబ్బాలోనే పుట్టి పిండిని బిర్రుగా నింపుతుంది. మూత విప్పగానే టప్‌మనేది అందుకే. మిగతాది పొయ్యి వేడికి పుడుతుంది.

జహీరాబాద్‌లో ఆ డబ్బా కోసం వెతకనక్కర్లేదు. పరిచయమున్న బేకరీలో అడిగి, పొద్దున కలిపిన బన్ను పిండిలోంచి అర కిలో ముద్ద తెచ్చుకుంటే అంతకన్నా మేలు. పెద్ద దుకాణాల ఫ్రీజర్లో దొరికే మలబారు పరోటాలూ పనికొస్తాయి. అందులో ఈస్ట్ లేదు, పొరల మధ్య నూనె ఉంది. వేడికి పొరల్లోని నీరు ఆవిరై వాటిని పైకెత్తుతుంది. పరోటాను పట్టీలుగా కోసి, దాల్చినచెక్క చక్కెర చల్లి, చుట్టి గిన్నెల్లో పెడితే పొరలుగా విడివడే మఫిన్ వస్తుంది. బన్నంత మెత్తగా ఉండదు గానీ రుచికి లోటు లేదు.

ఈస్ట్ కలిపిన పిండిని గడ్డకట్టించి దాచాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కొన్ని ఈస్ట్ కణాలను చీల్చేస్తాయి. చచ్చిన కణాల్లోంచి గ్లూటథయోన్ అనే పదార్థం బయటికి వచ్చి జిగురువల ముడులను విప్పేస్తుంది. గాలి పుట్టించేవి తగ్గుతాయి, గాలిని పట్టేదీ బలహీనపడుతుంది. అందుకే అలాంటి పిండిలో ఈస్ట్ కాస్త ఎక్కువ వేసి, పొంగకముందే గడ్డకట్టిస్తారు.

దాల్చినచెక్క బయటే ఎందుకు?

చాలామందికి తట్టే ఆలోచన ఒకటుంది: దాల్చినచెక్క పొడిని పిండిలోనే కలిపేస్తే ఉండలు దొర్లించే పని తప్పుతుంది కదా? తప్పుతుంది, అయితే రొట్టె సరిగా పొంగదు.

దాల్చినచెక్క ఘాటుకు కారణం సినమాల్డిహైడ్ అనే నూనె. చెట్టు దాన్ని మన పాయసం కోసం తయారుచేసుకోలేదు. బెరడును బూజు, పురుగు పట్టకుండా కాచుకోవడానికి పనికొచ్చే విషమది. ఈస్ట్ బూజు కుటుంబానికే చెందింది. కాబట్టి పొడి పిండిలో కలిస్తే ఈస్ట్ మందగిస్తుంది, ఎక్కువైతే పని మానేస్తుంది. పైపొరగా ఉంచితే లోపలి ఈస్ట్‌కు ఆ బెడద అంతగా ఉండదు. ఏ రసాయనం పేరూ తెలియని కాలంలోనే రొట్టెలవాళ్ళు దాల్చినచెక్కను పొరల మధ్యకు, ఉండల పైకి తెచ్చారు. అనుభవం దారి చూపింది, కారణం తర్వాత తెలిసింది.

ఆ పైపొర చేసే రెండో పని మన మొదటి ప్రశ్నకు సగం జవాబు. రెండు తడి పిండి ఉండలను పక్కపక్కన నొక్కితే వాటి జిగురువలలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఒకే ముద్ద అవుతాయి. మధ్యలో వెన్న ఉంటే అల్లుకోలేవు, ఎందుకంటే కొవ్వు ఉన్నచోట నీళ్ళు ఉండవు, నీళ్ళు లేనిచోట వల పెరగదు. చక్కెర కూడా సాయపడుతుంది: ఉండ పైతడిని తాను లాక్కుని పాకమవుతుంది. ఒక్కో ఉండలో వల గట్టిగా ఉంది, ఉండకూ ఉండకూ మధ్య లేదు. అందుకే లాగితే లోపల పోగులుగా సాగుతుంది, ఉండల మధ్య మాత్రం సులువుగా ఊడుతుంది. పావ్‌లోనూ జరిగేది దాదాపు ఇదే. ఉండలను నున్నగా చుట్టి, కాస్త ఎడంగా పెడతారు. అవి పొంగి, పైచర్మం ఏర్పడ్డాక ఆనుకుంటాయి. చర్మాలు అతుక్కుంటాయే గానీ ఒకటైపోవు.

దాల్చినచెక్క కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సంతలో చెక్క, లవంగం అని కలిపి కట్టి ఇచ్చేది చాలావరకు కాసియా. అది మందంగా, గట్టిగా, ఒకే పట్టగా ఉంటుంది. శ్రీలంక నుంచి వచ్చే అసలు దాల్చినచెక్క కాగితమంత పలుచని పొరలు చుట్టలు చుట్టినట్టు ఉంటుంది, వేళ్ళతో నలిపితే పొడవుతుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ మితిమీరి తింటే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన పరిమితి శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. 15 కిలోల పిల్లవాడికి ఒకటిన్నర మిల్లీగ్రాము. సుమారు అర గ్రాము కాసియా పొడిలోనే అంత ఉండవచ్చు. పండక్కో, పుట్టినరోజుకో తింటే భయం లేదు. రోజూ వాడాలనుకుంటే ఖరీదైనా పలుచని చెక్కే మంచిది.

పొయ్యిలో ఏం జరుగుతుంది

అర కిలో పిండిని నిమ్మకాయలో సగమంత ఉండలు చేయండి. 60 గ్రాముల వెన్న కరిగించండి. 100 గ్రాముల చక్కెరలో రెండు చెంచాల దాల్చినచెక్క పొడి కలపండి. ముంచి, దొర్లించి, వెన్న రాసిన మఫిన్ గిన్నెల్లో మూడొంతుల వరకే నింపి, మళ్ళీ కాసేపు పొంగనివ్వండి. 180 డిగ్రీల ఒవెన్‌లో సుమారు 18 నిమిషాలు.

ఒవెన్ లేకపోతే కుక్కర్ చాలు. రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. అడుగున రెండు వేళ్ళ మందం ఉప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, గిన్నెలు లోపల పెట్టాలి. ఉప్పు మంట వేడిని నిదానంగా పుచ్చుకుని సమంగా పంచుతుంది. చిన్న మంట మీద అరగంట పడుతుంది. పైభాగం ఎర్రబడడం తక్కువే, ఎందుకంటే వేడి కింది నుంచే వస్తోంది.

పిండి వేడెక్కేకొద్దీ మొదట ఈస్ట్ చురుకెక్కి చివరి విడత వాయువును వదులుతుంది. 55, 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది. అప్పటికే బుడగల్లోని వాయువు వ్యాకోచిస్తూ, సారాయి, నీరు ఆవిరవుతూ వలను ఇంకా సాగదీస్తాయి. 60 దాటాక పిండి పదార్థం నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. 70, 80 మధ్య జిగురువల గట్టిపడి ఇక సాగదు. మధ్యభాగం 93 డిగ్రీలకు చేరితే ఉడికినట్టే. గిన్నెలు చిన్నవి కావడం వల్ల వేడి మధ్యకు త్వరగా చేరుతుంది. పెద్ద పాత్రలో అయితే అంచు మాడినా నడుమ పచ్చిగా ఉండే ప్రమాదం ఉంది.

లోహానికి ఆనిన చోట తడి ఆరిపోయాక వేడి వంద దాటుతుంది. 140 దాటేసరికి మాంసకృత్తులూ కొన్ని రకాల చక్కెరలూ కలబడి గోధుమరంగు, కాల్చిన వాసన వేగంగా పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వర్ణించిన చర్య ఇది. 160 దాటితే చక్కెరే తనంతట తాను కరిగి పాకమై ఎరుపెక్కుతుంది.

ఇక్కడ జహీరాబాద్ చెరకు రైతు అక్కరకొస్తాడు. తెల్ల చక్కెర మయ్యార్ చర్యలో నేరుగా పాల్గొనదు. ముందు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోవాలి. బెల్లంలో ఆ రెండూ ముందే కొంత ఉంటాయి. సగం చక్కెర తీసి తురిమిన బెల్లం వేస్తే రంగు తొందరగా వస్తుంది, రుచి లోతుగా ఉంటుంది, పాకం రాయిలా గట్టిపడదు. అమెరికావాళ్ళు ఈ రొట్టెకు వాడే బ్రౌన్ షుగర్, చక్కెరకు మడ్డి పాకం తిరిగి కలిపిన సరుకు. మన బెల్లంలోంచి ఆ మడ్డిని ఎవరూ తీయలేదు. త్వరగా మాడుతుంది కాబట్టి చివరి అయిదు నిమిషాలు కన్నేసి ఉంచాలి. దింపిన రెండు మూడు నిమిషాల్లోనే గిన్నెలు బోర్లించండి. ఆలస్యమైతే పాకం లోహాన్ని పట్టేస్తుంది.

రేపటికి ఉంచితే

మిగిలిన మఫిన్లను చాలామంది ఫ్రిజ్‌లో పెడతారు. రొట్టెకు అంతకన్నా చెరుపు లేదు. రొట్టె గట్టిపడేది ఆరిపోవడం వల్ల మాత్రమే కాదని ఫ్రాన్స్‌లో బూసాంగో 1852లోనే చూపించాడు: తడి బయటికి పోకుండా మూసి ఉంచినా గట్టిపడింది, 60 డిగ్రీలకు వేడిచేస్తే మళ్ళీ మెత్తబడింది. ఉడికి ఉబ్బిన పిండి పదార్థం చల్లారాక తిరిగి బిగుసుకుపోవడమే దీనికి కారణం. ఫ్రిజ్ చలిలో అది బయటికన్నా వేగంగా జరుగుతుంది. గడ్డకట్టే చలిలో మాత్రం దాదాపు ఆగిపోతుంది.

అందుకని ఒకటి రెండు రోజుల్లో తినేవాటిని మూత బిగిసే స్టీలు డబ్బాలో బయటే ఉంచండి. ఎక్కువ రోజులకైతే ఫ్రీజర్లో పెట్టండి. తినే ముందు మూతపెట్టిన పెనం మీద, సన్నని సెగన అయిదు నిమిషాలు ఉంచితే మళ్ళీ పోగులుగా సాగుతాయి. అలా మెత్తబడ్డది చల్లారితే మొదటికన్నా గట్టిగా తయారవుతుంది కాబట్టి, ఎన్ని తింటారో అన్నే వేడిచేసుకోవాలి.